పాత సింథసైజర్‌కి ఆర్కెస్ట్రాలో చోటివ్వడం ఎలా: రీరికార్డింగ్ చేసేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

రీరికార్డింగ్‌లో, అంటే సినిమాకి నేపథ్య సంగీతం చేయడంలో, పాత సింథసైజర్‌ని (కరెంటుతో శబ్దం పుట్టించే కీబోర్డుని) చాలామంది వాడే తీరు ఒకటుంది. ముందు వయొలిన్లు, చెల్లోలు, బ్రాస్ అన్నీ రాసేస్తారు. చివర్లో ఏదో వెలితి అనిపిస్తుంది. అప్పుడు జూనో అనే సింథ్ నుంచి ఒక ప్యాడ్, అంటే సాగుతూ నిలిచే మెత్తటి శబ్దం, తీసి అడుగున పరిచేస్తారు. వెలితి తీరినట్టే ఉంటుంది. కానీ మిక్సింగ్ రోజున ఇంజనీర్ ముందుగా తగ్గించేది ఆ ప్యాడ్‌నే. దానికంటూ ఒక పని లేదు మరి. తీసేసినా సీన్ నడుస్తుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. సింథ్‌కి స్కోర్‌లో మొదటి రోజు నుంచే సొంత వరుస ఉండాలి. వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వయోలాకి ఎంత శ్రద్ధగా రాస్తామో దానికీ అంతే శ్రద్ధగా రాయాలి. ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఎక్కడ పూర్తిగా ఆగిపోవాలి అన్నవి కాగితం మీదే తేలాలి. కింద చెప్పిన మెట్లన్నీ ఆ పని కోసమే.

విజయవాడ, గుంటూరుల్లో ఇంట్లో ఒక గదిని స్టూడియోగా మార్చుకుని షార్ట్ ఫిల్మ్‌లకీ, వెబ్ సిరీస్‌లకీ, చిన్న సినిమాలకీ పనిచేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అరవై మంది ఆర్కెస్ట్రా మన బడ్జెట్‌కి అందదు. ఒక శాంపిల్ లైబ్రరీ (ముందే రికార్డు చేసి పెట్టిన వాద్యాల స్వరాలు), దానిమీద వాయించడానికి ఇద్దరు ముగ్గురు వయొలిన్ కళాకారులు, ఒక పాత కీబోర్డు ఉన్నాయనుకుని మొదలుపెడదాం.

1. ముందు సింథ్ పని ఏమిటో తేల్చండి

మంచి స్కోర్లు జాగ్రత్తగా వింటే సింథ్ ఎందుకు ఉందో ప్రతిసారీ ఒక కారణం దొరుకుతుంది. హాలీవుడ్ సంగీత దర్శకుడు జెర్రీ గోల్డ్‌స్మిత్ 1976లో 'లోగన్స్ రన్' సినిమాకి చేసిన స్కోర్ మంచి పాఠం. గోపురం కింద మూసి ఉన్న నగరానికి ఎలక్ట్రానిక్ ధ్వనులు ఎక్కువగా వాడి, పాత్రలు బయటి ప్రపంచంలోకి వచ్చాక ఆర్కెస్ట్రాని విప్పాడు. ఏ శబ్దం ఎవరిదో ప్రేక్షకుడికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. తర్వాతి సినిమాల్లోనూ ఆయన సింథ్‌లని ఆర్కెస్ట్రాలో మరో సెక్షన్‌గానే చూశాడు. వాయించేవాళ్లని స్కోరింగ్ స్టేజీ మీద మిగతా కళాకారులతో పాటే కూర్చోబెట్టేవాడు. 1982లో 'ట్రాన్' కోసం వెండీ కార్లోస్ లండన్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో సింథ్‌లని కలిపింది. అదే ఏడాది 'బ్లేడ్ రన్నర్'లో వాంగెలిస్ యమహా సీఎస్-80ని గాయకుడు పాడినట్టే పలికించాడు.

మన దగ్గర కూడా ఇది నిన్నామొన్నటి సంగతేమీ కాదు. అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ చేతుల మీదుగా ఒక మూగ్ మాడ్యులర్ సింథసైజర్ నెలకొంది. ఇక 1980లు, 90ల మద్రాసు రికార్డింగుల సంగతి మనందరికీ తెలుసు. రాజ్-కోటి పాటల్లో నిండైన స్ట్రింగ్స్ పక్కనే కీబోర్డు మెరుపులు వింటూ పెరిగిన తరం మనది. వాళ్ల దగ్గర కీబోర్డు ప్రోగ్రామింగ్ చేసినవాళ్లలో ఏ.ఆర్. రెహమాన్ ఒకరు. ఆ కలయిక మన చెవికి పరాయిది కాదు.

పని తేల్చుకోవడానికి ఈ ప్రశ్న వేసుకోండి: సింథ్ ఇక్కడ ఒక వాద్యానికి బలమిస్తోందా, రెండు వాద్యాల మధ్య కొత్త రంగు పుట్టిస్తోందా, లేక తానే ముందుకొచ్చి పాడుతోందా? ఒక్కో క్యూకి, అంటే ఒక్కో సీన్ కోసం రాసే సంగీతం ముక్కకి, ఒక్క జవాబే ఉండాలి. మూడు పనులూ ఒకే క్యూలో అప్పగిస్తే దేనికీ న్యాయం జరగదు.

2. కీబోర్డు ఎంచుకోవడం, కొనేముందు చూడాల్సినవి

1970లో వచ్చిన మినీమూగ్ ఒకసారి ఒక స్వరమే పలుకుతుంది. బేస్‌కీ, ఒంటరి రాగానికీ దాన్ని మించింది లేదు. 1978 నాటి ప్రాఫెట్-5 ఐదు స్వరాలు పలుకుతుంది, ప్యాచ్‌లు (మనం అమర్చుకున్న శబ్దాల సెట్టింగులు) గుర్తు పెట్టుకుంటుంది. 1984లో వచ్చిన రోలాండ్ జూనో-106 ఆరు స్వరాలది. స్ట్రింగ్స్ పక్కన మర్యాదగా ఇమిడిపోతుంది. 1983 నాటి యమహా డీఎక్స్7 అనలాగ్ కాదు, ఎఫ్ఎమ్ (ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని మార్చే) పద్ధతిలో నడిచే డిజిటల్ యంత్రం. ప్యాడ్‌ల విషయంలో దాన్ని చిన్నచూపు చూస్తారు గానీ హార్ప్, సెలెస్టా, పిజ్జికాటో పక్కన దాని గంటల శబ్దం అద్భుతంగా అతుకుతుంది. వేలి బలాన్ని బట్టి ధ్వని స్వభావమే మారడం దాని గొప్పతనం.

అసలు మినీమూగ్ లక్షల్లో మాట. మీరు అదే కొనాలని నేను అనను. 2016లోనూ, 2022లోనూ మూగ్ కంపెనీయే దాన్ని మళ్లీ తయారుచేసింది. బెహ్రింగర్ మోడల్-డి చవకలో దొరుకుతుంది. కోర్గ్ ఎమ్ఎస్-20 మినీ ఉంది. సాఫ్ట్‌వేర్ ప్లగిన్‌తో కూడా ఇక్కడ చెప్పే పనిలో చాలా భాగం చేయొచ్చు. నిజమైన పాత యంత్రాల్లో మన ప్రాంతంలో కాస్త ఆశ పెట్టుకోదగ్గవి రోలాండ్, యమహా, కోర్గ్ కీబోర్డులు. చర్చిల్లో, పాటకచేరీ ట్రూపుల దగ్గర మూలనపడి ఉన్నవాటి గురించి వాకబు చేయండి.

సెకండ్ హ్యాండ్ జూనో-106 చూడటానికి వెళ్తే పాలీ 1 మోడ్‌లో పెట్టి ఒకే కీని నిదానంగా ఆరుసార్లు నొక్కండి. ప్రతి నొక్కుకీ ఒక్కో వాయిస్ పలుకుతుంది. అందులో ఒకటి చిటపటలాడినా, మూగబోయినా చాలావరకు 80017ఎ అనే చిప్ దెబ్బతిన్నట్టే. ఆ చిప్ చుట్టూ ఉన్న రెజిన్ పూత ఏళ్లు గడిచేకొద్దీ పాడై ఈ జబ్బు తెస్తుంది. బాగుచేయించవచ్చు, బదులు చిప్‌లూ దొరుకుతాయి. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి. కోర్గ్ పాలీసిక్స్ అయితే మూత తీయించి చూడందే డబ్బు ఇవ్వకండి. లోపలి బ్యాటరీ కారిపోయి బోర్డు మీది రాగి దారుల్ని తినేస్తుంది.

విజయవాడలో ఇంకో పరీక్ష కూడా అవసరం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఎన్నో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ ఇళ్లలోని వస్తువులు తుడుచుకుని మళ్లీ అమ్మకానికి వచ్చాయి. కీబోర్డు తిరగేసి అడుగు స్క్రూలకి తుప్పు ఉందా, కీల కింద చెక్కకి నీటి చార కట్టిందా, లోపల బురద వాసన వస్తోందా చూడండి. ఏ ఒక్కటి కనిపించినా వదిలేయండి.

3. కరెంటు, ఎండ

పాత యంత్రాల్ని మన దగ్గర ఎక్కువగా చంపేది ఇదే, అందుకే కాస్త ఓపిగ్గా చదవండి. మన సరఫరా 230 వోల్టులు. జపాన్‌లో అమ్మినవి 100 వోల్టులకి, అమెరికావి దాదాపు 120 వోల్టులకి తయారైనవి. వెనక రేకు మీద రాసి ఉంటుంది. ప్లగ్ మార్చి నేరుగా పెట్టేస్తే ఒక్క క్షణం చాలు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. చవగ్గా దొరికే ఆటో ట్రాన్స్‌ఫార్మర్ కాకుండా రెండు వైండింగులూ విడిగా ఉండే ఐసొలేషన్ రకం తీసుకోండి. దాని సామర్థ్యం యంత్రం మీద రాసిన వాట్లకి రెట్టింపు ఉంటే వేడెక్కదు. 100 వోల్టుల యంత్రానికి 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టకండి. వైండింగ్ షాపులో అడిగితే 100 వోల్టులకే చుట్టి ఇస్తారు.

ఏళ్ల తరబడి వాడకుండా ఉంచిన కీబోర్డుకి ఒక్కసారిగా కరెంటు ఇవ్వొద్దు. పవర్ సప్లైలోని కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు. అనుభవమున్న రేడియో మెకానిక్ ఎవరైనా సీరీస్ బల్బు పెట్టి పరీక్షిస్తారు. బల్బు మొదట వెలిగి మసకబారితే సాధారణంగా ఫరవాలేదు, అదే వెలుగుతో మండుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు. ఇది తెలిసినవాళ్ల చేతే చేయించండి. పవర్ సప్లై విప్పినప్పుడు ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో షాక్ మిగిలే ఉంటుంది.

రికార్డింగులో 50 హెర్ట్జ్ గుంయ్‌మనే హమ్ వస్తే చాలామంది మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను విరగ్గొడతారు. అది ప్రాణాల మీదకి తెచ్చే పని. కీబోర్డుకీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కీ మధ్య గ్రౌండ్ లిఫ్ట్ (ఆడియో వైరులో ఎర్త్ సంబంధాన్ని తెంచే స్విచ్) ఉన్న డీఐ బాక్స్ పెట్టండి. అన్నిటికీ ఒకే పవర్ స్ట్రిప్ వాడండి. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడండి. రెండు మూడు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ గుంత సరిచేయించండి. ఇన్వర్టర్ వాడితే ప్యూర్ సైన్ వేవ్ రకమే వాడాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద పాత సింథ్ నడిపితే ఆ గరగర రికార్డింగులో ఎక్కి కూర్చుంటుంది.

ఇక వేసవి. బెజవాడ మే నెల ఎండకి గదిలో ఉష్ణోగ్రత మారినప్పుడల్లా అనలాగ్ ఆసిలేటర్ (స్వరాన్ని పుట్టించే సర్క్యూట్) శృతి కదులుతుంది. సెషన్‌కి గంట ముందే ఏసీ వేసి గదిని ఒకే ఉష్ణోగ్రత దగ్గర నిలపండి. ఏసీ గాలి సూటిగా యంత్రం మీద పడకూడదు. టేక్ కోసం ఏసీ ఆపి, మళ్లీ వేసి, మళ్లీ ఆపితే ఆ రోజంతా శృతి సరిచేయడంతోనే సరిపోతుంది. సింథ్ లైన్‌లో, అంటే మైకు లేకుండా వైరు ద్వారా నేరుగా రికార్డవుతుంది కాబట్టి ఏసీ చప్పుడు దాని ట్రాక్‌లో పడదు. అందుకే సింథ్ టేకులు ఒక పూట, మైకు పెట్టి చేసే వయొలిన్ టేకులు ఇంకో పూట పెట్టుకోండి. వాడనప్పుడు మూయడానికి నూలు గుడ్డ మంచిది. ప్లాస్టిక్ షీటు కింద తేమ నిలుస్తుంది.

4. శృతి కలపడం

స్విచ్ వేసిన వెంటనే అనలాగ్ సింథ్‌ని శృతి చేయకండి. లోపలి భాగాలు వేడెక్కి నిలకడకి రావడానికి కనీసం అరగంట ఇవ్వండి. ప్రాఫెట్-5లో ట్యూన్ బటన్ నొక్కితే ఆసిలేటర్లు వాటంతటవే సర్దుకుంటాయి. వేడెక్కాక ఒకసారి, తర్వాత ప్రతి విరామంలో ఒకసారి నొక్కండి. జూనోలో స్వరాన్ని డిజిటల్ గడియారం నడుపుతుంది కాబట్టి శృతి గురించి టెన్షన్ పడనక్కర్లేదు.

అసలు ప్రశ్న దేనికి కలపాలన్నది. మినీమూగ్ మీద ఎ-440 అనే స్విచ్ ఉంటుంది. వేస్తే 440 హెర్ట్జ్ స్వరం మోగుతుంది. దానికి కలిపేస్తే పని అయిపోయిందనిపిస్తుంది. కానీ యూరప్‌లో చాలా ఆర్కెస్ట్రాలు 442కి, ఇంకా పైకి కూడా కలుపుతాయి. బడ్జెట్ ఉన్నప్పుడు మన సినిమాల స్ట్రింగ్స్ ఇప్పుడు బుడాపెస్ట్, స్కోప్యే లాంటి చోట్ల ఆన్‌లైన్ సెషన్లలో రికార్డవుతున్నాయి. 440కీ 442కీ తేడా దాదాపు 8 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో వందో వంతు). వినడానికి చిన్నదే, కానీ రెండూ నిలిపి పట్టుకుంటే సెకనుకి రెండుసార్లు అల వచ్చిపోతుంది. మంద్రంలో ఆ అల నెమ్మదిగా ఉంటుంది. పై స్థాయికి వెళ్లేకొద్దీ చెవిలో గుచ్చుతుంది. కాబట్టి సెషన్ బుక్ చేసేటప్పుడే వాళ్లు ఎంతకి కలుపుతారో అడిగి, సింథ్‌ని ఆ అంకెకే తిప్పండి. శాంపిల్ లైబ్రరీకీ అదే అంకె పెట్టండి.

మన వయొలిన్ కళాకారులతో పనిచేస్తే ఇంకో సంగతి. కర్ణాటక పద్ధతిలో తీగలు స-ప-స-ప శృతి చేసుకుంటారు. ఏ శృతో ముందే చెప్పండి. క్యూ డి మైనర్‌లో ఉంటే డి ఆధార షడ్జమం అని చెబితే చాలు, అదే నటభైరవి స్వరాలు. సింథ్‌తోనే ఆ షడ్జమం మోగించి కలుపుకోమనండి. విజయవాడలో ఘంటసాల వేంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత కళాశాల ఉన్నందువల్ల మనకి వయొలిన్ కళాకారుల కొరత లేదు. వాళ్లకి స్వరలిపిలో రాసివ్వండి. సెక్షన్‌లా వినిపించాల్సిన చోట గమకం లేకుండా నిలువుగా పట్టమని కాగితం మీదే రాయండి.

5. వరుస రాయడం: ఒక క్యూ దగ్గరగా చూద్దాం

ఒక సీన్ ఊహించుకోండి. రాత్రి, ప్రకాశం బ్యారేజీ. వరద గేట్లు ఎత్తేశారు. అన్న కోసం చెల్లెలు రెయిలింగ్ పట్టుకుని వెతుకుతూ నడుస్తోంది. నిడివి 80 సెకన్లు. టెంపో నిమిషానికి 60 బీట్లు పెట్టుకుంటే, బార్‌కి నాలుగు బీట్ల లెక్కన 20 బార్లు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు కాబట్టి ఒక్కో బీటుకి సరిగ్గా 24 ఫ్రేములు. ఎడిటర్‌తో మాట్లాడటం సులువు.

రాసేముందు సీన్‌లో ఏ శబ్దం ఉందో వినండి. గేట్ల నుంచి దూకే నీరు అంటే మధ్య, పై పౌనఃపున్యాలన్నీ నింపేసే హోరు. దానిమీద మెరిసే ప్యాడ్ వేస్తే ఏదీ వినిపించదు. అందుకే సింథ్‌కి ఇక్కడ కింది స్థాయి ఇస్తున్నాం.

వయొలిన్ కుటుంబంలో అన్నిటికన్నా పెద్దదైన కాంట్రాబేస్‌లో, అంటే మామూలు నాలుగు తీగలదానిలో, అట్టడుగు స్వరం ఇ, దాదాపు 41 హెర్ట్జ్. మనకి కావలసిన మంద్ర డి 36.7 హెర్ట్జ్ దగ్గర ఉంది. ఆ వాద్యానికి అది అందదు. ఆ స్వరాన్ని మినీమూగ్‌కి ఇవ్వండి, కాంట్రాబేస్‌ని ఒక స్థాయి పైన 73 హెర్ట్జ్ దగ్గర నిలపండి. సింథ్ ఇప్పుడు ఆర్కెస్ట్రా చేయలేని పని చేస్తోంది, ఎవరి చోటూ ఆక్రమించడం లేదు.

1 నుంచి 4 బార్లు మినీమూగ్ ఒక్కటే, ఫిల్టర్ (పై పౌనఃపున్యాల్ని కోసే భాగం) బాగా మూసి. 5వ బార్‌లో కాంట్రాబేస్ చేరుతుంది. 9 నుంచి 14 వరకు వయోలాలు డి-ఎఫ్-ఎ పట్టుకుంటాయి, వాటితో జూనో పైరెండు స్వరాలే పలుకుతుంది. 15వ బార్‌లో చెల్లెలికి అన్న చెప్పు దొరుకుతుంది. అక్కడ సింథ్‌లు రెండూ ఆగిపోవాలి. ఒంటరి వయొలిన్ నాలుగు బార్లు. సింథ్ ఉన్నదని ప్రేక్షకుడికి బాగా తెలిసేది అది ఆగిన క్షణంలోనే. ఇంత లాభం ప్యాడ్ పరిచేస్తే ఎప్పటికీ రాదు. 19, 20 బార్లలో మినీమూగ్ మళ్లీ వచ్చి మెల్లగా మూసుకుంటుంది.

బేస్‌కి ఒక్క ఆసిలేటర్ చాలు, మెత్తగా పలికే ట్రయాంగిల్ వేవ్‌తో. రెండు ఆసిలేటర్లు కాస్త తేడాతో పెడితే అంత కింది స్వరంలో శబ్దం ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ ఊపు కావాలనుకుంటే సరే, కానీ టెంపోకి కలవదని గుర్తుంచుకోండి. ఇంకో సమస్య, 36 హెర్ట్జ్ మన గదిలోని చిన్న మానిటర్లలో అసలు వినపడదు. వినపడక వాల్యూమ్ పెంచేస్తాం, థియేటర్‌లో గోడలు అదురుతాయి. మంచి హెడ్‌ఫోన్స్‌లో చూసుకోండి, స్పెక్ట్రమ్ మీటర్ పక్కన పెట్టుకోండి.

సింథ్‌కి ఒంటరి రాగం అప్పగించే క్యూల్లో తెలియాల్సిన కిటుకు ఒకటుంది. అసలు మినీమూగ్‌లో రెండు కీలు కలిపి నొక్కితే కింది స్వరమే పలుకుతుంది. గ, మ మధ్య ఊగే గమకం వాయించాలంటే గ పట్టుకుని మ తాకితే ఏమీ జరగదు. మ కీని నొక్కి ఉంచి గ ని తాకుతూ వదలాలి. వదిలిన ప్రతిసారీ స్వరం మ కి తిరిగి వెళ్తుంది. కీ పూర్తిగా వదలనంత వరకు ఎన్వలప్ (శబ్దం లేచి తగ్గే తీరు) మళ్లీ మొదలవదు కాబట్టి కొత్తగా కొట్టిన శబ్దం రాదు, స్వరం జారినట్టే ఉంటుంది. స్వరం నుంచి స్వరానికి జార్చే గ్లైడ్ నాబ్ కొంచెం, చాలా కొంచెం తెరవండి. ఎక్కువైతే జారుడు నత్తనడకన సాగి శృతి తప్పినట్టు ఉంటుంది. ఇది చేతికి పట్టుబడితే నాదస్వరం పక్కన, సోలో వయొలిన్ పక్కన మినీమూగ్ తోటి కళాకారుడిగా నిలబడుతుంది.

6. ప్యాచ్‌కి ప్రాణం పోయడం

ఆర్కెస్ట్రాలో శబ్దం పెరిగితే మెరుపు కూడా పెరుగుతుంది. కమాను గట్టిగా లాగితే తీగ నుంచి పై హార్మోనిక్‌లు ఎక్కువ పుడతాయి. సింథ్‌లో ఫేడర్ పెంచితే శబ్దం మాత్రమే పెరుగుతుంది, స్వభావం మారదు. చెవి వెంటనే పట్టేస్తుంది. అందుకే ఉద్ధృతిని ఫిల్టర్ కటాఫ్‌తో (ఫిల్టర్ ఎంత తెరుచుకోవాలో చెప్పే నాబ్‌తో) పెంచండి, వాల్యూమ్ ఫేడర్‌ని దాని వెనక నడిపించండి.

మినీమూగ్, జూనో-106, ప్రాఫెట్-5 కీలకి వేలి బలం తెలియదు. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకటే. కాబట్టి కుడిచేయి కీల మీద, ఎడమచేయి కటాఫ్ మీద ఉండాలి. మినీమూగ్ వెనక ఫిల్టర్‌కి పెడల్ పెట్టుకునే సాకెట్ ఉంది, వాడుకోండి. మౌస్‌తో గీసిన ఆటోమేషన్ కన్నా చేత్తో తిప్పినది ఎప్పుడూ మేలు. వయోలాల ట్రాక్ హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకుని వాటి ఊపిరితో కలిపి తిప్పండి.

స్ట్రింగ్స్‌తో కలిసే ప్యాచ్‌కి అటాక్ (శబ్దం పూర్తిగా లేచే సమయం) 80 నుంచి 150 మిల్లీసెకన్ల మధ్య మొదలుపెట్టి చెవితో సరిచేయండి. వైబ్రాటో (స్వరం సన్నగా ఊగడం) కావాలంటే, దాన్ని ఊపే ఎల్ఎఫ్ఓ అనే నెమ్మది ఆసిలేటర్ సెకనుకి 5, 6 సార్ల మధ్య. వయొలిన్ వాళ్ల వైబ్రాటో కూడా ఇంచుమించు అక్కడే ఉంటుంది. స్వరం మొదలైన వెంటనే కాకుండా కాస్త ఆగి మొదలయ్యేలా డిలే పెట్టండి.

జూనోలో అడుగు శబ్దాన్ని కోసే హైపాస్ స్లైడర్‌కి 0 నుంచి 3 వరకు నాలుగు స్థానాలున్నాయి. అన్నిటికన్నా కిందిది బేస్‌ని పెంచుతుంది. వయోలాలతో కలిపేటప్పుడు దాన్ని 2 అనే అంకె దగ్గర పెడితే అడుగు పల్చబడి చెల్లోలకి దారి దొరుకుతుంది. శబ్దాన్ని వెడల్పుగా పరిచే దాని కోరస్ ఎఫెక్ట్ అందమైనదే, కానీ హిస్ ఎక్కువ. నిశ్శబ్దంగా నడిచే సీన్‌లో ఆ బుసబుస వర్షంలా వినిపిస్తుంది. కోరస్ ఆపి ఒక టేక్, వేసి ఒక టేక్ తీసుకోండి.

7. రికార్డింగ్

సెషన్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టండి. సినిమా మిక్స్ అక్కడే జరుగుతుంది.

1983కి ముందు వచ్చిన యంత్రాలకి మిడి (కంప్యూటర్‌కీ కీబోర్డుకీ మధ్య నడిచే సంకేతాల పద్ధతి) ఉండదు. వాటిని కంప్యూటర్ నుంచి నడపాలంటే మిడి సంకేతాల్ని వోల్టేజీగా మార్చే సీవీ కన్వర్టర్ కావాలి. మూగ్, రోలాండ్ యంత్రాలది ఒక్కో ఆక్టేవ్‌కి ఒక్కో వోల్టు పద్ధతి. కోర్గ్ ఎమ్ఎస్-20దీ, పాత యమహా సీఎస్ సీరీస్‌దీ హెర్ట్జ్ పర్ వోల్ట్. పైగా మినీమూగ్ ట్రిగర్ (స్వరం మొదలుపెట్టమనే సంకేతం) పద్ధతి వేరు. కన్వర్టర్ కొనేముందు మీ యంత్రం ఏ రకమో చూసుకోండి. నా మాట వింటే, నెమ్మదైన క్యూలన్నీ క్లిక్ వింటూ చేత్తోనే వాయించండి. సీక్వెన్సర్ పరుగులు పెట్టే యాక్షన్ క్యూలకి మాత్రమే కన్వర్టర్ వాడండి.

లైన్‌లో వచ్చిన సింథ్‌కి గాలి తగలదు. పక్కన వయొలిన్లు హాల్లో ఉంటే సింథ్ మన చెవిలో ఉన్నట్టుంటుంది. రివర్బ్ ప్లగిన్ కొంతవరకు సర్దుతుంది. నాకు నమ్మకమైన పద్ధతి రికార్డయిన సింథ్‌ని మంచి స్పీకర్లో ఒక పెద్ద హాల్లో మోగించి మళ్లీ మైకులతో పట్టడం. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, కల్యాణ మండపాలు ఖాళీగా ఉంటాయి. ఒక రాత్రికి మాట్లాడుకోండి. గుంటూరులో ఎత్తైన పైకప్పున్న పాత చర్చి హాలుకి అనుమతి దొరికితే ఇంకా మంచిది.

ఆర్కెస్ట్రా కూర్చున్నట్టు ఊహించుకుని వయోలాలు ఉండాల్సిన చోట స్పీకర్ పెట్టండి, ముఖం కాస్త పైకి తిప్పి. కండక్టర్ నిలబడే చోట రెండు మైకులు. శబ్దం ఒక మీటరు దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. మైకు 6 మీటర్ల దూరంలో ఉంటే 17, 18 మిల్లీసెకన్ల ఆలస్యం వస్తుంది. ప్యాడ్‌కి, రాగానికి ఆ ఆలస్యాన్ని అలాగే ఉంచండి. దూరం తెలిసేది దానివల్లే. తాళంతో నడిచే భాగాలైతే ట్రాక్‌ని ముందుకి జరపండి. 36 హెర్ట్జ్ బేస్‌ని మాత్రం హాల్లో మోగించకండి, గది మూలల్లో పేరుకుని బురదగా మారుతుంది. అది లైన్‌లోనే ఉండాలి. ప్రతి క్యూకి ముందు హాలు నిశ్శబ్దాన్ని అరనిమిషం రికార్డు చేసుకోండి. రైలు కూతలు మన ఊళ్లో తప్పవు, అతుకులు వేయడానికి ఆ నిశ్శబ్దం కావాలి.

వయొలిన్ కళాకారులు ఇద్దరే ఉంటే ఒకే వరుసని మూడు నాలుగుసార్లు వాయించమని, ప్రతిసారీ కుర్చీలు జరపండి. తీసిన టేకుల్ని శాంపిల్ స్ట్రింగ్స్ మీద పరిస్తే మనుషులు కమాను మార్చే చప్పుడు పైకి తేలుతుంది. దాని పక్కన సింథ్ కూడా సజీవంగా వినిపిస్తుంది.

8. మిక్స్, డైలాగ్

మాట స్పష్టత ఎక్కువగా 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. రంపపు పళ్లలాంటి ఆకారమున్న సా-టూత్ వేవ్‌ని ఫిల్టర్ తెరిచి వాడితే సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. ఈక్వలైజర్‌తో కోసేకన్నా డైలాగ్ మొదలయ్యే చోట కటాఫ్ మూసి వాయించడం మంచిది, కోసిన మచ్చ తెలియదు. 5.1 మిక్స్‌లో సెంటర్ స్పీకర్ మాటలది. సింథ్‌ని అక్కడ పెట్టకండి, ఎడమ కుడుల్లో సర్దండి.

కాంట్రాబేస్, మినీమూగ్ కలిసినప్పుడు ఒకసారి సింథ్ ఫేజ్ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) వినండి. ఏది నిండుగా ఉంటే అది ఉంచండి. జూనో కోరస్ వేసి ఉంటే మోనోలో కూడా వినండి. ఫోన్ స్పీకర్లో చూసే ప్రేక్షకులు మనకి చాలామంది. కొన్నిసార్లు మోనోలో ఆ ప్యాడ్ సగం మాయమవుతుంది.

9. దాచుకోవడం, అప్పగించడం

డైరెక్టర్ మూడు వారాల తర్వాత సీన్ ఎనిమిది సెకన్లు పెంచారంటే మళ్లీ అదే శబ్దం కావాలి. మినీమూగ్‌కి జ్ఞాపకశక్తి లేదు. ప్రతి ప్యాచ్‌కీ పైనుంచి సూటిగా ఫొటో తీయండి, క్యూ పేరు రాసిన చీటీ కూడా ఫొటోలో పడేలా. ఆ రోజు శృతి అంకె అదే చీటీ మీద రాయండి. జూనో-106లో ప్యాచ్‌ల్ని పట్టి ఉంచేది లోపలి 3 వోల్టుల లిథియం బ్యాటరీ. అది అయిపోతే అన్నీ పోతాయి. ఆ కీబోర్డుకి టేప్ అవుట్ ఉంది. ప్యాచ్‌లు గరగర శబ్దంగా బయటికొస్తాయి. దాన్ని మామూలు ఆడియో ఫైల్‌గా రికార్డు చేసి దాచండి, అవసరమైనప్పుడు తిరిగి లోపలికి పంపొచ్చు. డీఎక్స్7 అయితే మిడి ద్వారా సిస్‌ఎక్స్ (ప్యాచ్‌ల డేటా) ఫైల్‌గా తీసుకోండి. దానిలోనూ బ్యాటరీ ఉంది.

అప్పగించేటప్పుడు స్ట్రింగ్స్, బ్రాస్, సింథ్ బేస్, సింథ్ రంగులు, సోలో అని స్టెమ్‌లు (గుంపులవారీ ట్రాకులు) విడగొట్టండి. అన్నీ ఒకే టైమ్‌కోడ్ దగ్గర మొదలవ్వాలి. సింథ్ స్టెమ్‌లు రెండు రకాలుగా పంపండి, రివర్బ్ లేనిదొకటి, హాల్లో పట్టినదొకటి. హైదరాబాద్‌లో ఫైనల్ మిక్స్ చేసే ఇంజనీర్ అక్కడి థియేటర్‌లో విని ఏది ఎంత కలపాలో తేల్చుకుంటారు.